జెండా కింది నాలుగు స్క్రూలు

ఖాజా భాయ్ చేసిన బండి వానకు కురుస్తుందని ఎవరన్నా అన్నప్పుడల్లా నేను నోరు మూసుకొని కూర్చున్నాను. నాలుగేళ్లు. దాచింది ఏమంత పెద్దది కాదు, నాలుగు స్క్రూలు. నాలుగూ కలిపి తూస్తే తులం ఉండవు. అయినా మోసి మోసి మెడ వంగిపోయింది. మీకు చెబితే కాస్త నిటారుగా నిలబడతానేమోనని రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో బడిపిల్లలకు సైన్సు చెప్పే సారును. సెలవుల్లో నేనూ మా ఆవిడ శారదా ఊళ్లు తిరగాలని, జీపు వెనుక తగిలించుకొనే చిన్న ఇల్లొకటి ఖాజా భాయ్ షెడ్డులో చేయించాను. రెండు చక్రాలు, రెండు పడకలు, ఒక పొయ్యి, పైన రేకు కప్పు. ఖాజా భాయ్ అప్పటిదాకా నీళ్ల ట్యాంకర్లు చేసేవాడు. ఆయన ట్యాంకర్ నుంచి చుక్క బయటికి కారిందని విన్నవాళ్లు లేరు. ఇలాంటి ఇల్లు కట్టడం మాత్రం అదే మొదలు. తాళంచెవి ఇస్తూ ఒక్కటే మాట అన్నాడు.

"సార్, ఏమన్న చేసుకోండ్రి గని, పైన రేకుకు మాత్రం మొల కొట్టకుండ్రి."

మేకు గానీ స్క్రూ గానీ దించొద్దని. తలూపాను. తలూపడంలో నాకు మంచి పేరుంది.

వారం తిరక్కుండానే కొండగట్టులో బండికి పూజ చేయించి, ఆంజనేయస్వామి జెండా తెచ్చాం. దాని ఇనుప పీటను కప్పు ముందు భాగాన గమ్ముతో అంటించాను. గాలికి ఒరిగింది. శారద ఇంట్లో లేని రోజు చూసి, డ్రిల్లు మిషనుతో పైకెక్కి నాలుగు స్క్రూలు బిగించాను. ఎంత గర్వపడ్డానో!

వానాకాలంలో కుంటాల జలపాతం చూద్దామని ఆదిలాబాద్ దిక్కు బయల్దేరాం. దారిలో అన్నం తిని శారద వెనుక పడక మీద నడుం వాల్చింది. జలపాతం అక్కడే మొదలైంది. సరిగ్గా ఆమె ముక్కు మీద.

"ఏందయ్యా, పండుకునేటప్పుడు గూడ గొడుగు పట్టుకోవాల్నా?"

చుక్క పడుతున్నది వెనుక. జెండా ఉన్నది ముందు. కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదని నాకు నేను చెప్పుకొన్నాను. రేకు కింద చొరబడ్డ నీరు చెక్క మీదుగా పల్లం వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతుందని, ఏటా బల్ల గుద్ది పాఠం చెప్పే మనిషికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నా విషయంలో దేవుడు సరిగ్గా ఆ నిజం మీదే జెండాగా నిలబడ్డాడు.

ఊరికి తిరిగొచ్చి బండిని షెడ్డుకు తీసుకెళ్తే, ఖాజా భాయ్ టార్చి పట్టుకొని లోపల కూర్చున్నాడు. నాకు నీళ్ల పైపు ఇచ్చి కప్పు ఎక్కించాడు. జానెడు జానెడు చోట పోస్తూ రావాలి. ఎక్కడ పోసినప్పుడు లోపల చుక్క పడితే అక్కడ కంత ఉన్నట్టు. మూడు గంటలు పోశాను. కప్పంతా తడిసింది, జెండా చుట్టూ జానెడు చోటు తప్ప.

"పైన ఏమన్న మొలలు కొట్టిండ్రా సార్?"

"లే."

"మరి జెండ?"

"గమ్ముతోని అంటించిన."

"జెండ కాడ గూడ పోసిండ్రా?"

"పోసిన."

"పీకి చూద్దునా అంటే స్వామి జెండాయె. నేను చెయ్యి పెట్టుడు మంచిగుండది. సారు చెప్పినంక ఇంకేంది."

ఆయన అంచులన్నీ మళ్లీ మూశాడు. కిటికీలకు కొత్త రబ్బరు వేశాడు. మరుసటి వానకు మళ్లీ కురిసింది. అలాంటి బండే చేయించుకుందామని హుజూరాబాద్ నుంచి ఒకాయన చూడవచ్చి, పడక మీద బకెట్ చూసి వెళ్లిపోయాడు. ఆ వార్త ఆయన కంటే ముందే ఊరంతా తిరిగింది. ఇంకెవరూ రాలేదు. 'తిరిగే ఇండ్లు చేయబడును' అన్న బోర్డును ఖాజా భాయ్ దించేశాడు.

"నా చేతులనే ఏదో దోషమున్నది సార్. ట్యాంకర్లే నయ్యం," అన్నాడు ఒకరోజు.

అప్పుడైనా చెప్పాలి కదా? ఆయన తెప్పించిన చాయ్ తాగి వచ్చాను. తలూపి కూడా ఉంటాను.

ఇక మోయలేక, పోయిన వారం బండిని ఆయన షెడ్డుకు తోలుకెళ్లాను. దండం పెట్టుకొని, స్క్రూలు విప్పి, జెండాను తువ్వాలలో చుట్టి జీపులో పెట్టాను. ఖాజా భాయ్ పైకెక్కి, తుప్పు పట్టిన నాలుగు కంతల్నీ వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"సార్, మీరు లోపలికి పోండ్రి," అన్నాడు. "శారదమ్మ పడక మీద పండుకోండ్రి. ఇయ్యాల పైపు నేను పట్టుకుంట."

పడుకున్నాను. పైన నీళ్ల చప్పుడు. కాసేపటికి సరిగ్గా నా ముక్కు మీద చుక్క.

"వచ్చిందా సార్?"

"వచ్చింది."

ఇంకొకటి పడింది. షెడ్డులో పనివాళ్లందరికీ వినపడేలా గట్టిగా అరిచాను.

"తప్పైంది ఖాజా భాయ్! మొలలు కొట్టింది నేనే. పోసిన అన్నది గూడ అబద్ధమే. నీ చేతుల ఏ దోషం లేదు. హుజూరాబాద్ ఆయనకు గూడ నేనే పోయి చెప్త."

ఖాజా భాయ్ పైపు మాత్రం ఆపలేదు; చుక్కలు నా ముక్కు మీద పడుతూనే ఉన్నాయి.