నన్ను ఆంటీ అన్న నా కూతురు

ఎనభైలలో మేము ఢిల్లీ జనక్‌పురిలో ఉండేవాళ్ళం. మా నాలుగేళ్ళ స్వాతి చెవిలో పూస దూర్చుకుంది. మత్తిచ్చి తీసేసి, సాయంత్రానికి ఇంటికి పంపేస్తామన్నారు ఆస్పత్రిలో.

థియేటర్లోకి తీసుకెళ్ళే ముందు నర్సు మత్తు సిరప్ పట్టించింది. నా ఒళ్ళో జోగుతున్న పిల్ల కాసేపటికి కళ్ళు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది. కొత్తవాళ్ళని పలకరించమని నేను నేర్పినట్టే చేతులు జోడించి, "నమస్తే ఆంటీ! మా అమ్మ కహాఁ హై?" అంటూ అమ్మ ఎక్కడని నన్నే అడిగింది.

"నేనేనే మీ అమ్మని!" అని కుదిపేశాను. అది బెదిరిపోయి నర్సు చెయ్యి పట్టుకుంది.

"దవా కా అసర్ హై, దీదీ. ఠీక్ హో జాయేగీ," మందు ప్రభావమే, సర్దుకుంటుందంటూ నర్సు దాన్ని థియేటర్లోకి ఎత్తుకెళ్ళిపోయింది.

సాయంత్రం తెలివి రాగానే "అమ్మా, దాహం" అంది. బతికిపోయాను. కానీ ఇప్పటికీ వీధిలో ఏ పిల్ల "నమస్తే ఆంటీ" అన్నా, అది నా కూతురు కాదుగదా అని ముందు దాని ముఖం చూస్తాను.