కౌసల్య వేసిన వంపు

కౌసల్య రాతిపని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కడప నుంచి దేశం దాటి మౌంట్ గాంబియర్ ఊరికి వచ్చాక ఆరేళ్ళు మోటల్ గదులు తుడిచింది. నడకదారులు బాగుచేసే ముఠాలో చేరినప్పుడు ఇచ్చిన మొదటి పని, కూలిన గోడల రాళ్ళు ఏరి పక్కన పెట్టడం. ఏరుతూనే ఏ రాయి ముందు జారిందో, దాన్ని నమ్ముకుని ఏవి నిలబడ్డాయో చూసేది. రెండేళ్ళు అలా చూశాక తనే ఒక గోడ పేర్చింది. అది ఇప్పటికీ ఉంది.

ఈసారి పని ఊరి బయట, ఆరిపోయిన అగ్నిపర్వతం వాలు మీద. పైన్ తోటలోంచి బిలం అంచుకు ఎక్కే దారి. నేలంతా ఇటుక ముక్కల్లాంటి ఎర్ర లావా రాళ్ళు, కాలు పెడితే జారతాయి. ప్లాను ప్రకారం తిన్నగా నలభై చెక్క మెట్లు వేయాలి. వాన పడిన మర్నాడు కౌసల్య వాలంతా తిరిగింది. నీళ్ళు పారినచోట ఎండిన పైన్ ఆకులు సన్నగా బారులు తీరి ఉన్నాయి. ఆ బారులన్నీ మెట్లు రావలసిన చోటుకే దిగాయి. ఆమె దారిని పక్కకు వంచి పదకొండు మీటర్లు రాతి మెట్లు వేసేసింది. ఎవర్నీ అడగలేదు.

శుక్రవారం పొద్దున సూపర్‌వైజర్ బాలమురళి వచ్చాడు. ఒంగోలువాడు, ఇక్కడే యూనివర్సిటీలో సివిల్ చదివాడు.

"ఏంటాంటీ ఇది? డ్రాయింగ్‌లో స్ట్రెయిట్‌గా ఉంది కదా."

"ఆ డ్రాయింగ్ ఎండాకాలంలో గీసినట్టుండారు నాయనా."

"జోకులొద్దాంటీ. మధ్యాహ్నానికి ఎక్స్‌కవేటర్ వస్తోంది. ఈలోపు మీరే తీసేయండి. లేకపోతే మండే నుంచి మీకు షిఫ్ట్ లేదని చెప్పమన్నారు పైవాళ్ళు."

"తియ్యను."

"నేను సివిల్ ఇంజనీర్నాంటీ."

"కాదన్ల్యా. ఆ సంగతి నీళ్ళకు తెలీదు గదా." గడ్డపార అతని చేతికిచ్చింది. "ఇంద. ఒక్క రాయి కదిలించు. కదిలితే మిగతావి నేనే పీకేస్తా."

మొదటి రాయి కదల్లేదు. రెండోదీ అంతే. మూడోది కొంచెం ఊగింది.

"ఇది కదిలిందాంటీ," అన్నాడు బాలమురళి, నుదుటి చెమట తుడుచుకుంటూ.

కౌసల్య వంగి చూసింది. కింద పెట్టిన చీలికరాయి తీసేసి, ఇంకా లావుది సుత్తితో దిగ్గొట్టింది. "అది నా తప్పే. ఇప్పుడు సూడు."

అతను గడ్డపార మీద ఒళ్ళంతా వేసి నొక్కాడు. రాయి చలించలేదు. ఆ మెట్టు మీదే కూలబడ్డాడు.

"పైవాళ్ళకేం చెప్పను?"

"కౌసల్య తియ్యనన్నదని చెప్పు. నీ మీదెందుకేసుకుంటావు?"

అప్పుడతను వాలుకేసి చూశాడు. ఆకుల బారుల్ని పైనుంచి కిందిదాకా చూపుతోనే కొలిచి, ఫోన్ తీశాడు. తిన్నగా మెట్లు వేస్తే మొదటి చలికాలపు వానలకే కొట్టుకుపోతాయనీ, మెషీన్‌ను పైకి రానివ్వననీ, ఆ మెట్లకు సంతకం కావాలంటే ఇంకొకర్ని చూసుకోమనీ ఇంగ్లీషులో చెప్పాడు. అవతలివాళ్ళ అరుపు కౌసల్యకూ వినబడింది.

"మీ షిఫ్ట్ గురించి, నా గురించి కూడా మండే చెప్తారంట."

"అయితే ఈ పూట మనదేగా," అంటూ ఆమె పన్నెండో మీటరుకు రాయి ఏరడానికి లేచింది.