భాగ్యశ్రీ ఓఎస్ ఎక్కించిన ఆదివారం

చిక్కడపల్లిలో భాగ్యశ్రీ ఇల్లెక్కడ అని అడిగితే పక్క సందువాళ్లు కూడా చెప్పలేరు. అదే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లల్లో ఆమె టైపు చేసిన ప్రశ్నపత్రం చదవనివాళ్లు ఒక్కరు దొరికితే చూపించండి! పేరు మాత్రం వాళ్లకూ తెలియదు. ప్రశ్నపత్రం కింద టైపు చేసినవాళ్ల పేరు ఎవరు వేస్తారు? నారాయణగూడలో బాలకిషన్ ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్లయిన కొత్తలో చేరింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. ఆమె మాత్రం ఆ కిటికీ పక్క కుర్చీలోనే ఉండిపోయింది. తెలుగు ఎంత వేగంగా కొడుతుందంటే, చూసేవాళ్లకు వేళ్లు ఆనవు, చప్పుడొక్కటే వినపడుతుంది.

మరి కంప్యూటర్ గురించి ఏమైనా తెలుసా అంటే, గుండుసున్నా. స్విచ్ వెయ్యడం, కొట్టడం, ఆపడం, అంతే. అది కాస్త మొరాయిస్తే బాలకిషన్ ఎవరికో ఫోన్ చేసేవాడు, వాళ్లొచ్చి ఏదో చేసేవాళ్లు, ఆ లోపల ఈమె చాయ్ తాగి వచ్చేది. అందుకే, ఇక ఇంట్లోనే సొంతంగా టైపు చేసుకుంటానని ఆమె చెప్పినప్పుడు బాలకిషన్ కోప్పడలేదు, నవ్వాడు.

"ఇంట్ల కూసోని జేస్తవా అక్కా? జెయ్, జెయ్. కంప్యూటర్ ఖరాబైన దినం మల్ల ఈడికే వస్తవ్ తియ్. నీ కుర్సీ గట్లనే ఉంచుత."

తిడితే ఏ నాలుగు కన్నీళ్లో పెట్టుకుని ఊరుకునేదేమో. నవ్వేసరికి ఒళ్లు మండింది. పాత కంప్యూటర్ ఒకటి కొని, హాల్లో కుట్టుమిషన్ పక్కకు జరిపి ఆ జాగాలో పెట్టింది. మొదటి పని కూడా తొందరగానే వచ్చింది. అశోక్‌నగర్‌లో కొత్తగా క్లాసులు మొదలుపెట్టిన పీరయ్య సార్ మోడల్ పరీక్ష పేపరు చేత్తో రాసి తెచ్చాడు.

"సోమారం పొద్దుగాల పరీక్ష మేడమ్. ఐతారం సాయంత్రంకల్ల నా చేతిల పడాలె. కాదంటే ఇప్పుడే చెప్పుండ్రి, ప్రెస్సుకే ఇచ్చుకుంట."

ప్రెస్సంటే మరెవరిదో కాదు, బాలకిషన్‌దే. ఇస్తానంటే ఇస్తానని గట్టిగా మాటిచ్చింది.

మాటిచ్చిన మర్నాడే, అంటే శనివారం, ఆ కంప్యూటర్ నల్లటి తెర మీద ఏవో తెల్ల అక్షరాలు చూపించి కదలనని మొండికేసింది. అంబర్‌పేట్ నుంచి తమ్ముడు జైపాల్ పరుగెత్తుకొచ్చాడు. కంప్యూటర్ల దుకాణంలో పనిచేసేవాడు కాబట్టి చూడగానే చెప్పాడు, ఓఎస్ పోయిందని. కంప్యూటర్‌ని నడిపించే అసలు సరుకు అదే. అది లేకపోతే ఎంత ఖరీదైన కంప్యూటరైనా ఒట్టి రేకు డబ్బా. జైపాల్ ఆ సరుకునంతా ఒక పెన్ డ్రైవ్‌లో పోసి, స్విచ్ వెయ్యగానే ముందు దాన్నే చూసేట్టు కంప్యూటర్‌కు బుద్ధి చెప్పి లేచాడు.

"నేను తెల్లారి మా అత్తగారింటి పెండ్లికి పోవాలె అక్కా. నువ్వే ఎక్కియ్యి, అల్కగనే అయితది. అది అడిగినప్పుడల్ల నెక్స్ట్ కొట్టుకుంట పో. ఒక్కటే మాట, మధ్యల పెన్ డ్రైవ్ ముట్టకు. గుంజినవంటే మొత్తం ఖరాబైతది."

ముట్టకూడదు అంటే భాగ్యశ్రీ ముట్టదు. ఆమె సంగతి మీకు తెలియదు! ఆదివారం పొద్దున తలంటు పోసుకుని, కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, పెన్ డ్రైవ్ గుచ్చి స్విచ్ వేసింది. ఏ భాష కావాలని అడిగింది. నెక్స్ట్. ఫైళ్లు ఎక్కడం మొదలైంది, పది శాతం, ఇరవై శాతం. వంటింట్లోకి వెళ్లి పప్పు తాలింపు వేసి వచ్చేసరికి తెర మీద మళ్లీ అదే ప్రశ్న, ఏ భాష కావాలని. ఇందాక చెప్పింది వినపడలేదేమోనని మళ్లీ చెప్పింది. మళ్లీ ఎక్కింది. వంకాయ కూర దించి వచ్చి చూస్తే మళ్లీ, ఏ భాష కావాలి?

"ఏందే నీ లొల్లి! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని కంప్యూటర్ మీద అరిచింది.

భర్త రాఘవేందర్ పేపరు మడిచి లేచాడు. నారాయణగూడలో బట్టల షాపు మేనేజరు, ఆదివారం తప్ప ఇంటి పట్టున ఉండడు, ఉన్నప్పుడు సలహా చెప్పకుండా ఉండడు. ఫ్రిజ్ బంద్ చేస్తే కరెంటు మంచిగా వస్తుందన్నాడు. చేశారు. పాలు విరిగాయి, కంప్యూటర్ మాత్రం మారలేదు. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు సూర్యప్రకాశరావు గారు ఈ గొడవ విని దిగివచ్చి, కళ్లజోడు పైకెత్తి తెరను చూశారు.

"దేశం తప్పు పెట్టావమ్మా. చూడు, అమెరికా అనుంది. అందుకే అది ఒప్పుకోవడం లేదు. ఇండియా పెట్టు."

ఇండియా పెట్టింది. నమ్మకంగా నూరు శాతం దాకా ఎక్కి, ఆరిపోయి వెలిగి, ఏ భాష కావాలని మర్యాదగా అడిగింది. రావు గారు ఏదో పనున్నట్టు మెట్లెక్కి వెళ్లిపోయారు. జైపాల్‌కు ఫోన్ కలిపితే అటునుంచి బ్యాండు మేళం. ఆ మోతలో "నెక్స్ట్ కొట్టు" అని ఒకసారి, "పెన్ డ్రైవ్ ముట్టకు" అని రెండుసార్లు వినపడి ఫోన్ కట్టయింది.

అప్పుడన్నాడు రాఘవేందర్, మంచికే అన్నాడు పాపం. "ఎందుకే పరేషాన్? ప్రెస్సుకు పోయి ఆడ కొట్టుకోని రారాదు? నీ కుర్సీ గట్లనే ఉంచుత అన్నడు గదా."

భాగ్యశ్రీకి దుఃఖం ఆగలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని బావురుమంది. బాలకిషన్ నిజమే చెప్పాడా? ఇన్నేళ్లూ కొట్టడం తప్ప తనకేమీ చేతకాలేదా? ఒకరు వచ్చి బాగుచేసి పెడితే తప్ప తనకు బతుకు లేదా? రాఘవేందర్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

నీళ్లు తాగింది, ముక్కు చీదుకుంది, కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇంతసేపూ అది ఎక్కుతుంటే తను వంటింట్లో ఉంది. ఈసారి లేవను, మొదటినుంచి చివరిదాకా ఏం చేస్తుందో కళ్లారా చూస్తాననుకుంది. చూసింది. ఒక్కొక్క వరుస పక్కన టిక్కు పడింది. అన్నిటికీ పడింది. అన్నీ ఎక్కాయని, ఇక ఆరి వెలుగుతానని కంప్యూటరే చెప్పింది. ఆరింది, వెలిగింది, ఏ భాష కావాలంది.

అయితే ఎక్కుతోంది! ఎక్కకపోవడం కాదు, ఎక్కిందన్న సంగతే దానికి తెలియడం లేదు. ఎందుకు తెలియడం లేదు? తెర వదిలేసి కిందికి చూసింది. పెన్ డ్రైవ్ చిన్న దీపంతో మినుక్కుమంటోంది.

ఇంట్లో చేసే సత్యనారాయణ వ్రతం గుర్తొచ్చింది. మధ్యలో కలశం ముట్టకూడదు, నిజమే. కానీ ఉద్వాసన చెప్పాక కదిలించి తియ్యాలి కదా. తియ్యకుండా పీట మీదే వదిలేస్తే, అప్పుడే వచ్చిన అయ్యగారు ఏమనుకుంటాడు? పూజ ఇంకా కాలేదనుకుని గణపతి పూజ నుంచి మొదలుపెడతాడు. ఈ వెర్రి కంప్యూటర్ కూడా అంతే. వెలగగానే ముందు పెన్ డ్రైవ్‌ని చూడమని జైపాలే కదా దానికి చెప్పింది! చూస్తోంది, మొదలుపెడుతోంది. పాపం, దాని తప్పేముంది?

ఇంకొక్కసారి ఎక్కించింది. టిక్కులన్నీ పడ్డాయి. తెర ఆరగానే పెన్ డ్రైవ్ మీద చెయ్యి వేసింది.

"ఏయ్, జైపాల్ ముట్టొద్దన్నడు!" అని రాఘవేందర్ కేక పెట్టాడు.

"మధ్యల ముట్టొద్దన్నడు. ఇది మధ్య గాదు, అయిపోయింది. మీరు జర ఊకోండ్రి!"

అంటూనే లాగేసింది. తెర నల్లగానే ఉంది. ఖరాబైతే ఇక ప్రెస్సే గతి. ఉన్న దేవుళ్లందరికీ మొక్కింది. అంతలో తెర మధ్య తెల్ల చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. తిరిగి తిరిగి, నీలంగా వెలిగి, ఇంతవరకూ చూడని కొత్త తెర వచ్చింది.

"వచ్చిందే!" అని రాఘవేందర్ ఎగిరినంత పని చేశాడు. పైవాటా మెట్ల మీదినుంచి రావు గారు, "ఇండియా పెట్టమన్నానా లేదా?" అన్నారు. వాళ్ల సంబరం వాళ్లది. సాయంత్రానికి ఇంకా బోలెడు పొద్దుంది. తెలుగు టైపింగ్ సరుకు జైపాల్ అదే పెన్ డ్రైవ్‌లో వేసిచ్చాడు. పీరయ్య సార్ పేపరు ఆమె వేళ్లకు ఒక లెక్కా?

కానీ కంప్యూటర్ ఇంకొకటి అడిగింది. ఇది వాడేది ఎవరు, పేరు చెప్పమంది.

"నా పేరు పెట్టు. కరెంటు బిల్లు నా పేరు మీదనే ఉన్నది గదా" అన్నాడు రాఘవేందర్.

భాగ్యశ్రీ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. రోజూ పొద్దున స్విచ్ వెయ్యగానే ప్రెస్సు కంప్యూటర్ తెర మీద బాలకిషన్ పేరు వేసి అతనికే స్వాగతం చెప్పేది. ఆ స్వాగతం చూసుకుంటూనే ఇన్నేళ్లూ కుర్చీలో కూర్చుంది. లోకంలోని పేర్లన్నీ టైపు చేసింది, నువ్వెవరమ్మా అని మాత్రం ఏ కంప్యూటరూ ఆమెను అడగలేదు. అంత వేగం గల వేళ్లు ఆ పూట తడబడ్డాయి. కొత్తగా నేర్చుకుంటున్నదానిలా ఒక్కో అక్షరం వెతికి వెతికి తన పేరు కొట్టింది. కళ్లు తుడుచుకుని, తప్పు పడలేదు కదా అని మళ్లీ ఒకసారి చదువుకుని, నెక్స్ట్ నొక్కింది.