గుమ్మడికాయ పులుసు ఓడిపోయిన ఆదివారం

చదువుకునే వయసులో మనకు తెలిసిన నాలుగు ముక్కలతోనే లోకాన్ని చక్కదిద్దేయగలమనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు మరీ ముదిరింది. సింగపూర్‌లో చరిత్ర చదువుతూ ఒకప్పటి పాకిస్తాన్ మీద వ్యాసం రాస్తున్నాను. దేశం రెండు ముక్కలు, నడుమ మన దేశం. తూర్పున జనం ఎక్కువ. పెత్తనం అటు పోతుందేమోనని పడమటి రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒకటే రాష్ట్రం చేసి, ఇక రెండు వైపులా సమానం అన్నారు. అబ్బ, ఏం బుర్ర అని మెచ్చుకుంటూ రాసిపారేశాను. (ప్రొఫెసర్ మార్జిన్‌లో పెట్టిన ప్రశ్నార్థకాన్ని పట్టించుకోలేదు.)

మా ఆదివారం భోజనాలదీ అదే తంటా. తూర్పువైపు క్లెమెంటి ఫ్లాట్‌లో ఐదుగురు గోదావరి వాళ్ళు. వాళ్ళకు పడమట జురాంగ్ వెస్ట్‌లో మేం ముగ్గురం: కర్నూలు వాణ్ణి నేను, వరంగల్ దోస్తు, మలేషియాలో ఈపో అనే ఊళ్ళో తెలుగింట పుట్టి పనికోసం ఇటొచ్చిన ఈపో అన్న. వారమంతా ఎక్కడ తిన్నా ఆదివారం ఎనిమిది మందిమీ ఒకచోట వండుకునేవాళ్ళం. ఇంటి మీద బెంగ ఆ ఒక్కపూట తీరేది. ఏం వండాలో వాట్సాప్‌లో ఓట్లు. అటు ఐదుగురూ ఒక్కటైతే మా మటన్, రాగిసంగటి ఎప్పుడు గెలుస్తాయి? అన్న వాళ్ళ అవ్వ నేర్పిన బెల్లం గుమ్మడికాయ పులుసుకు మాత్రం తీపి ఇష్టపడే ఆ గోదావరి వాళ్ళు అప్పుడప్పుడూ ఓటేసేవారు. ఆ రోజు అన్న ముఖం వెలిగిపోయేది.

ఒక ఆదివారం నా పథకం బయటపెట్టాను. "ఇకనుంచి తూర్పు వాళ్ళది ఒక ఓటు, పడమటి వాళ్ళది ఒక ఓటు. ఒక వారం మీ మాట, ఒక వారం మా మాట."

"మరి మేం ఐదుగురం కదండీ!" అన్నాడు గోదావరి వాళ్ళలో పెద్దవాడు.

"సమానత్వం ముఖ్యం," అన్నాను గంభీరంగా. పాపం, మొహమాటానికి ఒప్పుకున్నారు.

మా వారం వచ్చింది. "తమ్ముడూ, పులుసు చేద్దామా?" అన్నాడు అన్న ఆశగా. మనలో మనం ఓట్లేసుకోవాలి కదా అన్నాను. సంగటికి రెండు, పులుసుకు ఒకటి. సంగటే గెలిచింది. మా తర్వాతి వారమూ అంతే. "రూలంటే రూలే గద," అన్నాడు వరంగల్ దోస్తు. మూడోసారి సంగటి కెలుకుతుండగా క్లెమెంటి నుంచి మెసేజ్: "మేం ఇక్కడే వండుకుంటామండి. మీరు ఇబ్బంది పడకండి." ఆ మర్యాదే గుచ్చుకుంది. తలెత్తి చూస్తే అన్న గుమ్మడికాయ సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఎక్కడికన్నా?"

"క్లెమెంటికి. ముందు నాకొక ఓటుండేది తమ్ముడూ. నువ్వు కలిపేసినాక నేను కనబడ్డమే లేదు, లాహ్," అన్నాడు, మాట చివర ఎప్పటిలా మలేషియా వాళ్ళ 'లాహ్' తగిలించి.

ఎనిమిది మందికని కెలికిన సంగటి ముందు మేమిద్దరమే కూర్చున్నాం. ఆ దేశం చివరికి రెండయిపోయిందని వ్యాసంలో నేనే రాశాను. ఎందుకయిందో మాత్రం ఆ పూట తెలిసింది. (ప్రశ్నార్థకమూ అప్పుడే అర్థమైంది.)

ఇప్పుడు అదే పాఠం నేను బళ్ళో పిల్లలకు చెబుతున్నాను. మొన్న యీషున్‌లో అన్న ఇంటికి భోజనానికి వెళ్తే గుమ్మం దగ్గరే పులుసు వాసన. గోదావరి వాళ్ళలో ఇద్దరు అప్పటికే కంచాల ముందున్నారు. "ఈసారి ఓట్లు పెట్టలేదా అన్నా?" అన్నాను.

"ఒద్దు తమ్ముడూ. నువ్వొస్తే మళ్ళీ ఎవరినో కలిపేస్తావ్, లాహ్," అంటూ నా కంచంలో రెండో గరిటె వేశాడు. ఆ రోజు నా ఓటు దీనికే వేసి ఉండాల్సింది. ఇన్నాళ్ళకు ఆ మాట అన్నతో అనేసి, బుద్ధిగా తిన్నాను.