మొక్కజొన్న చేల మధ్య, మూడో క్వార్టర్‌బ్యాక్

మా చిన్న తమ్ముడు వేణు వేసవి మొదలైనప్పటి నుంచి ఫోన్‌లో అంకెలు తప్ప మాట్లాడటం మానేశాడు. ఎలా ఉన్నావురా అంటే "ఇంకా ఎనభై ఏడు మంది ఉన్నారు పెద్దక్కా" అనేవాడు. పై వారం అడిగితే "డెబ్భై నాలుగు." వాడు ఇక్కడ అమెరికాలో, బంతి చేత్తో విసిరే ఫుట్‌బాల్ ఆడే ప్రొఫెషనల్ జట్టు ఒకదానిలో పనిచేస్తాడు. ఆడడు. ఆడేవాళ్ళకు మార్కులు వేసి, కంప్యూటర్‌కి ఎక్కించి, ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో కాగితం తీసి ఇస్తాడు. నేనూ రాజమండ్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు బడిపిల్లలకు మార్కులు వేసినదాన్నే. మార్కులు వేసేవాడి గొంతు అలా ఉండకూడదు. డెట్రాయిట్ దగ్గర నోవైలో మా చెల్లెలు శారద ఇంట్లో ఆరు నెలలుండటానికి వచ్చాను కనుక, డిసెంబరు దాకా నాకు వేరే పని లేదు. ఒకసారి చూసి వద్దామని బయలుదేరాను. ఆగస్టులో ఇలాంటి శిక్షణ శిబిరం చూడాలనుకునేవారు మనలోనూ కొందరున్నారని విన్నాను. వారి కోసం ఇది రాస్తున్నాను.

ఉదయం ఆరింటికి శారద నన్ను డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో దింపింది. ఏడింటి బస్సు డెబ్భై అయిదో నంబరు హైవే మీద దక్షిణంగా వెళ్ళి ఎనిమిదింబావుకి టొలీడో చేరుతుంది. అక్కడ అరగంట ఆగి ఇంకో బస్సు ఎక్కాలి. రానూ పోనూ టికెట్ ముప్ఫై ఒక్క డాలర్లు. ఊరి పేరు రాయవద్దని వేణు మాట తీసుకున్నాడు. ఒహాయోలో, మొక్కజొన్న చేల మధ్య, చిన్న కాలేజీ ఉన్న ఊరు. రెండో బస్సులో నేనూ, నిద్రపోతున్న ఒక ముసలాయనా, అంతే. డ్రైవర్ అద్దంలోంచి పలకరించాడు.

"కాలేజీలో ఎవరైనా చదువుతున్నారా మేడమ్?"

"లేదు. ఫుట్‌బాల్ క్యాంపుకి."

"మీరా!" అని నవ్వాడు. "మీ ఆటగాడెవరు?"

"ఆటగాడు కాదు. మార్కులు వేసేవాడు."

నవ్వు ఆగిపోయింది. కొన్ని మైళ్ళ తరువాత తనే అన్నాడు. "రేపు పొద్దున్నే ఆఖరి కట్, అక్కర్లేనివాళ్ళని పంపేసేది. వెళ్ళేటప్పుడు ఈ బస్సు ఖాళీ. వచ్చేటప్పుడు నిండుతుంది. అంతంత మనుషులు, ఒక్కడూ మాట్లాడడు. రేడియో పెట్టినా వద్దనరు. అదే నాకు భయం."

పదకొండు ఇరవైకి దిగాను. వేణు మెడలో కార్డు వేసుకుని నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. నా సంచీ అందుకుని, హాస్టల్లో కింది అంతస్తు చివర, ఒకప్పటి వార్డెనమ్మ గది చూపించాడు. వరండా పొడవునా తలుపుల మీద తెల్ల టేపు ముక్కలు, వాటి మీద పేర్లు. చాలా తలుపుల మీద టేపు పీకేసిన జాగా మాత్రం చెక్క రంగుకంటే పాలిపోయి కనిపించింది. ఒక గది తెరిచి ఉంది. పరుపు చుట్టేసి ఉంది. కిటికీలో దువ్వెన ఒకటి మిగిలింది.

"ఇక్కడ ఒక్క రూల్ పెద్దక్కా," అన్నాడు. "ప్లేయర్స్‌తో కూర్చోకు, తినకు. గ్రేడ్ చేసేవాళ్ళం ఎవరం తినం. పేరు తెలిస్తే మార్కు మారిపోతుంది. నేను నంబర్లే చూస్తాను."

"నేను గ్రేడ్ చెయ్యనుగా," అన్నాను.

భోజనశాల వంటమనిషి మార్తా అనే పెద్దావిడ. మాంసం లేనిది ఏముందని అడిగాను.

"మాంసం లేకుండానా? హనీ, ఇక్కడ చిక్కుడుగింజల్లో కూడా పంది ఉంటుంది!" అంటూ రొట్టె, జున్ను, ఉడికిన మొక్కజొన్న పెట్టింది. నేను కోడిగుడ్డూ తిననని తెలిసి, "అయితే మీరు అదృష్టవంతులు," అంది.

"అదేం?"

చెయ్యి తుడుచుకుని దగ్గరికి వచ్చింది. "ముందురోజు రాత్రి ఆఫీసు నుంచి ఫోన్ చేస్తారు, రేపటికి ఎన్ని గుడ్లు తియ్యాలో. మనిషికి నాలుగు. ఎంతమంది పోతున్నారో వాళ్ళకంటే ముందు నాకు తెలుస్తుంది. ఎవరో తెలియదు. అందరికీ వడ్డిస్తాను, అందరి మొహాలూ చూస్తాను."

బల్లలన్నీ సగం ఖాళీ. ఒక కుర్రవాడు లేచి, నాకు కుర్చీ లాగాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. పేరు డెన్నిస్. నేను అతనికి ఎడమవైపు కూర్చున్నాను. పళ్ళెంలో ఏది తినవచ్చో ఏది తినకూడదో తనే ఏరి చెప్పాడు. "మా అమ్మమ్మ కూడా ఇలాగే అన్నిటికీ వాసన చూస్తుంది మేడమ్," అన్నాడు. ఎదుట కూర్చున్న భారీ మనిషి, "మీ అమ్మమ్మ బంతి నీకంటే బాగా విసురుతుందట కదా," అన్నాడు. నవ్వుకున్నారు. నా పక్క కుర్చీలో నిన్న ఎవరు కూర్చున్నారని అడిగాను. ఆ నవ్వు అక్కడే తెగింది. అందరూ పళ్ళేల్లోకి చూశారు. పోయినవాడి పేరు ఇక్కడ ఎత్తరు.

ఉప్పు డెన్నిస్ ఎడమచేతి పక్కనే ఉంది. ఎదుటివాణ్ణి అడిగాడు. నీళ్ళు పోసేటప్పుడు కూజా మూతిని గ్లాసు అంచుకి ఆనించి, ఆ చప్పుడు విని, అప్పుడు వంచాడు. నా ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, సిరాబుడ్డి అంచుకి కలం తాకించి గానీ ముంచేది కాదు. ఒంటికన్ను అని వాళ్ళమ్మకే తెలియదు.



మధ్యాహ్నం మైదానంలో ప్రాక్టీసు చూడవచ్చు, టికెట్ లేదు. కంచె అవతల చేను. గాలి లేకపోయినా ఆకులు గరగరలాడుతూ ఉన్నాయి. నాలుగింటికి వేణు నన్ను ఫిల్మ్ గదికి తీసుకువెళ్ళాడు. కిటికీలకు నల్లగుడ్డలు. శబ్దం లేని బొమ్మ. ప్రొజెక్టర్ టకటకలాడుతుంటే మనుషులు పరుగెత్తడం, ఒకరినొకరు గుద్దుకోవడం, పడిపోవడం. వేణు మీట నొక్కితే అంతా వెనక్కి నడిచేది. పడిపోయినవాళ్ళు నేలనుంచి లేచి, వెనక్కి పరుగెత్తి, దెబ్బ తగలకముందు నిలబడిన చోట నిలబడేవారు. మళ్ళీ నొక్కితే మళ్ళీ పడేవారు. ఒకే మనిషి ఏడుసార్లు పడటం చూశాను.

"పద్నాలుగో నంబరు చూడు," అన్నాడు వేణు. అది డెన్నిస్. "క్వార్టర్‌బ్యాక్. ఆట నడిపేది, బంతి విసిరేది ఇతనే. మాకు ముగ్గురు కావాలి. ఇద్దరు ఖాయం. మూడో చోటుకి ఇతనూ, మోకాలు పోయిన ఒక సీనియరూ. కుడివైపు ఇతనికి వేసినన్ని మార్కులు నేను ఎవరికీ వెయ్యలేదు. ఎడమవైపు సున్నా. అటు మనిషి ఒంటరిగా ఉన్నా విసరడు."

"ఎందుకని రాశావు?"

"అటు డిఫెన్స్, అంటే ఎదుటి జట్టు అడ్డుకునే తీరు, చదవడం రాలేదని. నేర్పితే వచ్చేదే. మోకాలు నేర్పితే రాదు కదా. రాత్రి తొమ్మిదింటికి షీట్ ఇవ్వాలి, ఇతన్నే ఉంచమంటున్నాను." వేసవంతా వినని ఉత్సాహం వాడి గొంతులో ఉంది.

తెరమీద పద్నాలుగో నంబరు బంతి పట్టుకుని నిలబడ్డాడు. ఎడమనుంచి ఒకడు వస్తున్నాడు. కళ్ళు రెండూ ఉన్నవాడికి అటు మూలన కనీసం నీడైనా కదులుతుంది, భుజం ముడుచుకుంటాడు. ఇతను ముడుచుకోలేదు. మంచం మీద నిద్రపోతున్నవాడిలా ఉన్నాడు. వేణు ఫిల్మ్ ఆపేశాడు. దెబ్బ ఇంకా తగలలేదు.

సాయంత్రం ఆరున్నరకి డెన్నిస్ మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను ఎడమవైపునుంచి వెళ్ళి నిలబడ్డాను. పేరు పెట్టి పిలిచేదాకా చూడలేదు.

"ఎప్పటినుంచి నాయనా?" అన్నాను.

దేనికని అడగలేదు. "పదేళ్ళప్పుడు. కంచె తీగ." తలెత్తి, "మీకెలా తెలిసింది?"

"నీళ్ళు పోయడం చూశాను. డాక్టరు చూడలేదా?"

"కళ్ళు చూసే చార్ట్ కంఠతా వచ్చు మేడమ్. అన్నిచోట్లా అదే చార్ట్." నవ్వాడు. ఆ నవ్వులో గొప్పేమీ లేదు. "దయచేసి చెప్పకండి. ఇంటికి వెళ్తే నాకు ఇంకే పనీ రాదు."

"రెండోది పోతే ఏ పని వస్తుంది?"

బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. నేనన్నాను: "తొమ్మిదిలోపు నువ్వే చెప్పు. నువ్వు చెబితే అది నీ మాట. నేను చెబితే చాడీ."

గదికి వచ్చి తులసి పూసలు పట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదిన్నర అయింది. ఎవరూ వేణు తలుపు తట్టలేదు. దేవుణ్ణి ఏమడగాలో నాకు తెలియలేదు. ఆ కుర్రవాడి చోటు నిలబెట్టమనా, కన్ను నిలబెట్టమనా? రెండూ కలిపి అడగడానికి నోరు రాలేదు. లేచి వెళ్ళి తమ్ముడికి చెప్పాను.

వాడు కాగితం మీద పద్నాలుగో నంబరు దగ్గర వేలు పెట్టాడు. "ఇది ఫిల్మ్‌లో లేదు పెద్దక్కా."

"ఉందిరా. నువ్వు వేరే పేరు పెట్టావు."

షీట్ తీసుకుని బయటికి వెళ్ళాడు. పదింటికి వచ్చి చెప్పాడు. డాక్టరు అక్షరాలు మార్చిన చార్ట్ పెట్టాడట. ఎడమకన్నుతో డెన్నిస్ పై వరసలో పెద్ద అక్షరం కూడా చదవలేకపోయాడట.

నేను రోజూ నాలుగున్నరకే లేస్తాను. ఆ వేళ జపంలో ఉండగా వరండాలో అడుగులు వినిపించాయి. రబ్బరు బూట్లు. ఒక కాలు కొంచెం ఈడ్పు. తలుపు తట్టి పిలిచే మనిషి. ఒకప్పుడు ఆడినవాడేనట, ఎంతో మర్యాదస్తుడట. అతను ఆగినచోట మెల్లగా రెండు దెబ్బలు, "కోచ్ పిలుస్తున్నారు. ప్లేబుక్ తెచ్చుకో" అనే ఒకే మాట. ప్లేబుక్ అంటే జట్టు ఎత్తులన్నీ రాసుకున్న పుస్తకం. అది తిరిగి ఇచ్చేస్తే జట్టులో లేనట్టు. అడుగులు వస్తున్నకొద్దీ ఒక్కొక్క గదిలో గురక ఆగిపోయేది. అంతా మేలుకునే ఉన్నారు. దాటిపోయాక మంచం ఒకటి కిర్రుమనేది. నా గదికి రెండు తలుపుల అవతల, డెన్నిస్ గది ముందు, అతను ఆగాడు. తలుపు తట్టకముందే తెరుచుకుంది.

తొమ్మిదింటి బస్సు నిండిపోయింది. డ్రైవర్ చెప్పింది నిజమే. పద్నాలుగు మంది, మోకాళ్ళు ముందు సీటుకు తగులుతూ, ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక తగ్గించవలసింది లేదంటూ నన్ను సాగనంపిన వేణు అద్దం అవతల చెయ్యి ఊపితే ఎవరూ అటు చూడలేదు. డెన్నిస్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఈసారి నేను కుడివైపు పడేలా చూసుకుని కూర్చున్నాడు.

"మీరేనా?"

"నేనే."

తల ఊపాడు. సంచిలోంచి మార్తా కట్టి ఇచ్చిన జున్నురొట్టె తీసి సగం పెట్టాను. తిన్నాడు. టొలీడో వచ్చే ముందు, నాతో అన్నట్టూ కాదు, "నన్ను ఎందుకు పంపారో కాగితం మీద రాయలేదు," అన్నాడు. "మంచివాళ్ళు. వేరేచోట వెతుక్కోమన్నారు." దిగేటప్పుడు, "థాంక్యూ మేడమ్," అన్నాడు. రొట్టెకో దేనికో.

అక్టోబరులో వేణు ఫోన్ చేశాడు. ఈసారి అంకె ఒక్కటే: పద్నాలుగు. డెన్నిస్‌ని వేరే జట్టు తీసుకుందట. మూడో క్వార్టర్‌బ్యాక్.

"వాళ్ళకి చెప్పరా!"

"చెప్పకూడదు పెద్దక్కా. ఒక జట్టు లెక్క ఇంకో జట్టుకి చెప్పరు. అడిగినా చెప్పరు. ఎవరి డాక్టరు వాళ్ళది. నేను చెబితే నన్నే పంపేస్తారు, వాళ్ళూ నమ్మరు, ఎత్తు అనుకుంటారు."

ఆ జట్టు ఆఫీసు అడ్రసుకి డెన్నిస్ పేర ఉత్తరం రాశాను. జవాబు లేదు. నేను మంచి పని చేశానా అని శారద అడుగుతుంది. చేయవలసిన పని చేశాననే అనుకుంటున్నాను. కాని నేను మూసింది ఒక్క తలుపు. ఇలాంటి జట్లు ఇక్కడ ఇరవై ఎనిమిది ఉన్నాయి. వెళ్ళదలచినవారికి చెప్పగలిగింది ఒకటే. ఆగస్టు చివరివారం వద్దు, మొదటివారం వెళ్ళండి. పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా మైదానం అందరికీ తెరిచే ఉంటుంది. పెరుగన్నం కట్టుకుపోతే మంచిది.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు శారద ఇంట్లో టీవీ ముందు కూర్చుంటున్నాను. ఇద్దరు ముందువాళ్ళూ పడిపోతే తప్ప మూడోవాడు ఆటలోకి రాడు. నాకు ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరి పేర్లూ నేర్చుకున్నాను. ఒకాయన మోకాలి కోసం, ఇంకొకాయన భుజం కోసం, రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. మొన్న ఆదివారం మొదటాయనను ఇద్దరు పట్టుకుని బయటికి నడిపించారు. రెండోవాడు లోపలికి వెళ్ళాడు. గీత అవతల డెన్నిస్ హెల్మెట్ పెట్టుకుని, మెల్లగా బంతి విసరడం మొదలుపెట్టాడు. కుడివైపుకే. శారద వంటింట్లోంచి, "అక్కా, పప్పు మాడుతోంది, దింపొచ్చుగా!" అని అరిచింది. నేను లేవలేదు. రెండోవాడు ఆట ముగిసేదాకా నిలబడ్డాడు. ఈ ఏటి ఆటలు ముగియడానికి ఇంకా నాలుగు ఆదివారాలున్నాయి.