ఏడో నంబరు కొలత చీటీ

సైన్యానికి బట్టలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా కత్తిరింపు బల్ల ఆమెదే. మనుషుల ముఖాలు మరిచిపోయేది కానీ భుజాలు మరిచిపోయేది కాదు. కొత్తగా పెళ్లయినప్పుడు మీ ఆయన ఎలా ఉంటాడని తోటివాళ్లు అడిగితే, "ఛాతీ ముప్ఫై ఎనిమిది, కుడి చెయ్యి అరంగుళం పొడుగు" అందట. ఆయన పోయి పదేళ్లయినా ఆ మాట చెప్పుకుని కుట్టుమిషన్ల దగ్గర ఇంకా నవ్వుకుంటారు.

సైన్యంలో ఆడవాళ్లు ఎంత దూరం వచ్చారో చదువుకున్నవాళ్లు వేదికలెక్కి చెప్తారు. కత్తెరమ్మకు గుడ్డను చూస్తే తెలుస్తుంది. ఆమె చేరినప్పుడు ఆడవాళ్ల కోసం వచ్చేవి నర్సుల తెల్లకోట్లు, అంతే. కొన్నాళ్లకు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల స్కర్టులు వచ్చాయి. ఆ తర్వాత లారీలు నడిపే ఆడవాళ్లకు ప్యాంట్లు. ఆ ప్యాంట్లు చూసి కార్ఖానా వారం రోజులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "వాళ్లు ఎంతవరకైనా రానీండి, తుపాకీ పట్టుకుని ముందువరసకి మాత్రం పోరు. వాళ్లు పోతానన్నా ఏ తల్లి పంపుతుంది?" అని కత్తెరమ్మ తేల్చేసేది. ఆమె తేల్చేశాక ఎదురు చెప్పే ధైర్యం సూపర్‌వైజరుకే ఉండేది కాదు.

ఒక సోమవారం పొద్దున్నే ఆ సూపర్‌వైజరే పన్నెండు కొలత చీటీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ముందువరస దళంలోకి మొదటిసారి ఆడవాళ్లని తీసుకున్నారమ్మా. మగవాళ్ల బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలేసుకుని శిక్షణ అయితే లాగించేశారు. వంగితే లోపలి ఉక్కు పలక గడ్డానికి తగుల్తోందట, చంకల కింద ఖాళీ వస్తోందట. మీరే కొత్త కటింగ్ తియ్యాలి" అన్నాడు. అక్కడితో ఆగక, ఆడవాళ్ల నడుము ఎలా ఉంటుందో, ఛాతీ ఎలా ఉంటుందో చేతులు తిప్పుతూ వివరించబోయాడు.

"పుట్టింటి సంగతి మేనమామకి చెప్పకు గానీ, వెళ్లి నీ పని చూసుకో" అంది కత్తెరమ్మ.

చీటీల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. అడుగున 'సరిపోయింది' అనో 'కుదరదు' అనో రాసి కత్తిరించినవాళ్లే సంతకం పెట్టాలి. కుదరదని వెనక్కి పంపిన చీటీ మళ్లీ రావడానికి మూడు నెలలు పడుతుంది. అంతవరకు ఆ సిపాయి ఉన్నచోటే ఉండాలి. మగవాళ్ల విషయంలో ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి అది.

ఆరు చీటీలు చకచకా అయిపోయాయి. ఏడోది చేతిలోకి తీసుకుంది. ఎడమ భుజం ముప్పావంగుళం కిందికి. కుడి చెయ్యి అరంగుళం పొడుగు. మెడ, వీపు, నడుము ఒక్కొక్కటీ రెండోసారి చదివింది. తొమ్మిదేళ్లప్పుడు మెట్ల మీంచి పడి ఎముక విరగ్గొట్టుకున్న భుజం అది. ఆ చెయ్యి తండ్రి పోలిక. ఉయ్యాల గుడ్డ దగ్గర్నుంచి ఈ మధ్య కుట్టిన జాకెట్టు దాకా ఆ ఒంటికి తను తప్ప వేరెవరూ సూది పట్టలేదు.

కూతురు సైన్యంలో ఉందని తెలుసు. వైర్‌లెస్ గదిలో కూర్చుని కబుర్లు అందుకునే ఉద్యోగమని రెండేళ్లుగా చెప్తోంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగని ఒక కాగితం ముక్క పట్టేసింది. కత్తెరమ్మ స్టూలు మీద కూలబడింది. మధ్యాహ్నం కూతురికి ఫోను చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఏముందమ్మా, చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నా."

ఎంత తేలిగ్గా చెప్పింది! కత్తెరమ్మ ఫోను పెట్టేసి, ఏడో చీటీ తీసి, 'భుజం ఎత్తు తేడా. కుదరదు' అని రాసి సంతకం చేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. సిగ్గుపడలేదు సరికదా, ఆ పూట కడుపునిండా తింది.

పదకొండో రోజు ఉదయం పదింటికి కత్తిరింపు గది గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఒంటి మీద మగవాళ్ల బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా, డొప్పలా వేలాడుతోంది.

"అమ్మా, నీతో అబద్ధం చెప్పాను. తర్వాత తిట్టుకో. ఒంటిగంటకి బండి ఇక్కడికే వస్తుంది, ముందువరసకి వెళ్లాలి. పదకొండుమందికి కొత్తవి వచ్చాయి. నాది కుదరదన్నారు."

"కుదరకపోతే ఎలా పంపుతారే? ఆగాలిగా!"

"మగాళ్లకైతే ఆపుతారమ్మా. మేము శిక్షణంతా వీటితోనే చేశాంగా, మీకు పాతవి చాల్లే అన్నారు."

కూతురు చెయ్యి పైకెత్తింది. చంక కింద పలక లేదు, పల్చటి చొక్కా గుడ్డ మాత్రమే ఉంది. కత్తెరమ్మ అక్కడ చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్లూ నేరుగా పక్కటెముకలకు తగిలాయి. లోపల గుండె కొట్టుకోవడం కూడా తెలిసింది. ఆపుదామని రాసిన రెండు ముక్కలు ఆపకపోగా, పిల్లని ఇలా తయారుచేసి పంపుతున్నాయి!

"నేనే రాశానే" అంది కత్తెరమ్మ. "నీ కొలత చూసి గుర్తుపట్టి, నేనే రాశాను."

కూతురు తెల్లబోయి చూసింది. కోపం ముఖం దాకా వచ్చింది, తన పక్కటెముకల మీదే ఉన్న తల్లి చెయ్యి చూసి అక్కడే ఆగింది. మెల్లగా చొక్కా విప్పి బల్ల మీద పెట్టింది.

"ఎంతసేపు పడుతుంది?"

"నాలుగ్గంటలు."

"మూడే ఉన్నాయి."

"నిలబడి మాట్లాడకు. ఆ మూల టేపుంది, ఇలా అందుకో."

కార్ఖానాలో మిగతా మిషన్లన్నీ ఆగిపోయాయి. పక్కలు ఒకరు, భుజం పట్టీలు ఒకరు అడక్కుండానే పంచుకున్నారు. ఎవరూ నవ్వలేదు. కత్తెరమ్మ ఎడమ భుజాన్ని ముప్పావంగుళం దించి కత్తిరించింది, పలకలు పక్కలకు జరిపించింది. ఒంటిగంటకు పది నిమిషాలుండగా చొక్కా కూతురి ఒంటి మీదికెక్కింది. వంగమంది, పాకమంది, చేతులెత్తమంది. చంకల కింద, మెడ దగ్గర, నడుము చుట్టూ వేలితో వెతికింది. ఎక్కడా వేలు దూరలేదు. దేవుడా, ఒక్క తప్పైనా దొరికితే బాగుండునని మళ్లీ వెతికింది.

బయట బండి హారన్ మోగింది. సూపర్‌వైజరు కొత్త చీటీ బల్ల మీద పెట్టి తలదించుకున్నాడు. కత్తెరమ్మ 'సరిపోయింది' అని రాసింది. రాసి, కలం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, సంతకం" అంది కూతురు.