మిర్చి సంచుల చీకటిగది

ఆ రోజుల్లో ఎవరు ఏడ్చినా నాకు నాటకంలాగే కనిపించేది. వెంటనే ఓ జోకు వేసి గాలి తీసేసేవాణ్ణి. అందుకే హన్మకొండలో మా కాలేజీ వార్షికోత్సవానికి ఇంగ్లీషు సార్ ఓ పాత ఇంగ్లీషు హాస్యనాటకాన్ని తెలుగు చేసి, నవ్వులపాలయ్యే గుమాస్తా వేషం నాకే ఇచ్చాడు. ఇంట్లోవాళ్లు యజమానురాలి పేరుతో దొంగ ప్రేమలేఖ రాస్తారు. గుమాస్తా నమ్మి, పచ్చటి మేజోళ్లు తొడుక్కుని ఇకిలిస్తాడు. పిచ్చోడని చీకటిగదిలో తోసి గొళ్లెం పెడతారు. చివరికి అందరికీ పెళ్లిళ్లవుతాయి, అతను ఒంటరిగా వెళ్లిపోతాడు.

"ఈ నవ్వుల అడుగున చాలా చీకటుందిరా" అన్నాడు సార్.

"ఇన్వర్టర్ పెట్టిద్దాం సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది (సార్ తప్ప).

వేదిక పక్కనున్న సామాన్ల గదే మా చీకటిగది. వెలుతురు రాకుండా కిటికీకీ గోడలకూ కట్టడానికి, ఎనుమాముల మార్కెట్లో హమాలీ చేసే మేనమామ దగ్గర్నుంచి గోనెసంచులు తెచ్చాను. మిర్చి సంచులే, కానీ ఖాళీవే కదా అనుకున్నాను (మిర్చి పండించే ఇంట్లో పుట్టినవాడి తెలివి!).

నాటకం రోజు, నౌకరు వేషం వేసిన మా క్లాసు బక్కోడు నన్ను లోపలికి తోసి గొళ్లెం పెట్టాడు. రెండో డైలాగుకే సంచుల ఘాటుకు కళ్లు మండాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"తియ్యిరా, నిజంగ సచ్చిపోతాన్న!"

"పిచ్చోళ్లంత గిట్లనే అంటరు" అన్నాడు బక్కోడు. చప్పట్లు. నేను బతిమాలినకొద్దీ హాలు విరగబడి నవ్వింది. నా మాట ఇక ఎవరూ నమ్మరని ఆ చీకట్లో అర్థమైంది. వాళ్లనలా తయారుచేసింది నేనే.

ముందు వరుసలోంచి మా నాయనమ్మ లేచింది. బతుకంతా మిర్చి తొడిమెలు తీసిన మనిషి. "ఏంది నవ్వుతాన్రు? గది యాక్టింగ్ గాదు, మిర్చి దగ్గు!" అంటూ వేదికెక్కి గొళ్లెం లాగింది. ఆమెది కూడా వేషమే అనుకుని ఇంకా నవ్వారు. నాటకం ప్రకారం బయటికొచ్చి పగ తీర్చుకుంటానని శపథం చేయాల్సిన నేను, "నాయినమ్మా, నీళ్లు" అన్నాను. ఈలలు. ఉత్తమ హాస్యనటుడి కప్పు నాకే వచ్చింది.

ఇంటికి పోతుంటే ఆటోలో అడిగింది: "అందర్కి లగ్గాలైనయి గని, ఆ గుమాస్తాకు గొళ్లెం ఎవలు తీసిన్రు బిడ్డా?"

జోకు కోసం వెతికాను.

నాయనమ్మ పోయి ఏళ్లయింది. కప్పు టీవీ పక్కన ఉంది. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా నవ్వుతూ "చచ్చిపోతున్నా" అంటే చాలు, నా చూపు తియ్యాల్సిన గొళ్లెం కోసం వెతుకుతుంది. ఎక్కడా కనిపించదు. ఇన్వర్టర్ పెట్టిద్దామన్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వెనకే కొంచెం దగ్గు.